గుండె ఆపుతామన్నారు

నిరుడు మంగళగిరిలో మా ఇంట్లో చీర నేస్తూ, గుంట మగ్గంలోంచి పైకి లేవబోయి స్పృహ తప్పి పడిపోయాను. అంతకుముందు కాలు వాచినా, ఆయాసం వచ్చినా, రోజంతా గుంటలో కూర్చోవడం వల్లేననుకున్నాం. కాలిలోని రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల్లోకి చేరి పేరుకుపోయాయనీ, అక్కడ రక్తపోటు పెరిగి గుండె అలిసిపోతోందనీ స్కాన్ చూసి డాక్టరుగారు చెప్పారు. అరుదైన జబ్బట. ఆపరేషన్‌లో కాసేపు గుండె ఆపి ఆ గడ్డలు తీయాలన్నారు.

“మగ్గం ఆపితే మళ్లీ నేస్తామండీ. గుండె ఆపితే మళ్లీ కొట్టుకుంటుందా?” అని మావారు అడిగారు.

డాక్టరుగారు స్కాన్ ఫిల్ము మళ్లీ వెలుతురుకు పట్టి చూశారు. ఆ నిమిషం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

మళ్లీ కొట్టుకుంది. ఇప్పుడు తెగిన పోగు అతకడానికి నేను మగ్గం ఆపినా చాలు, వసారాలోంచి ఆయన కేకేస్తారు: “ఏమే, ఉన్నావా?”

“ఉన్నా!” అని నేను అరిచాకే నాకూ నమ్మకం కలుగుతుంది.