ఎర్ర కారుకు బోరు లారీ టర్బో

నేను ఒంగోలులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. చర్చి పెద్ద గారి భార్యని. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని. ఇలాంటి మనిషి కొనకూడని వస్తువు ఏదైనా ఉందంటే అది నేలకు జానెడెత్తులో కూర్చోబెట్టే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కొన్నాను. ఒక గ్రానైట్ వ్యాపారి వయసులో ఉండగా జపాన్ నుంచి మోజుపడి తెప్పించుకుని, మోజు తీరాక రాళ్ళ యార్డులో పట్టా కప్పి వదిలేసిన పాత కారు అది. రంగు ఎరుపు. స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. అవి లేచాయి, నేను పడిపోయాను.

"ఇంట్లో నలుగురం ఉన్నాం. ఇద్దరు పట్టే బండి ఎందుకు?" అన్నారు మా ఆయన.

"మిగతా ఇద్దరూ ఇంట్లో ఉంటారుగా" అన్నాను.

ఏడాదిపాటు బాగానే తిరిగింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో స్టార్ట్ చేసేసరికి వెనక గొట్టంలోంచి నీలం పొగ లేచింది. మెట్లు దిగుతున్న పాస్టర్ గారూ, గాయక బృందమూ, పట్టుచీరల్లో ఉన్న అక్కయ్యలూ అందులో కనిపించకుండా పోయారు. పొగలోంచి దగ్గులు మాత్రం వినిపించాయి. మందిరం మహిమ మేఘంతో నిండిన సంగతి బైబిల్లో చదివాంగానీ, దానికి ఇంజన్ ఆయిల్ వాసన ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

బైపాస్ పక్కన లారీల టర్బోలు బాగుచేసే మేస్త్రీ ఉన్నాడు. అతనికి తన గొంతంటే మహా ఇష్టం. టర్బో ఊడదీసి, లోపలి ఇరుసును వేలితో అటూ ఇటూ ఊపి, "చచ్చిపోయింది మేడమ్" అని రోడ్డవతలికి కూడా వినపడేలా ప్రకటించాడు. ఆయిల్ సీళ్ళు పోయి, నూనె కాలి పొగవుతోందిట. ఆ కారు తయారుచేసినవాళ్ళు దానికి విడిభాగాలు చేయటం మానేసి చాలా ఏళ్ళయింది.

బుధవారం ప్రార్థన కూటంలో మా ఆయన లేచి, "మా ఇంటామెకు ఆ వాహనం నుంచి విడుదల దయచేయమని ప్రార్థించండి" అన్నారు. నేను కూడా లేచి, మంచి టర్బో దొరకాలని ప్రార్థించమన్నాను. పాస్టర్ గారు ఇరకాటంలో పడ్డారు.

"అసలు టర్బో అంటే ఏందమ్మా?"

"ఇంజన్ వదిలే పొగ ఊరికే పోకుండా ఒక చక్రాన్ని తిప్పుతుందండి. ఆ చక్రానికి జతగా ఇంకోటి తిరిగి బయటి గాలిని ఇంజన్‌లోకి గట్టిగా నెడుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ."

"అంటే వదిలిన ఊపిరితోనే మళ్ళీ ఊపిరి పీల్చటం" అన్నారాయన. ఆ మరుసటి వారం దాన్ని ప్రసంగంలో వాడుకున్నారు. నా పేరు చెప్పలేదు.

ఇక ఏ టర్బో పెట్టాలన్నది మిగిలింది. పాత టర్బో పై తొడుగును అలాగే ఉంచి, లోపలి ఇరుసూ చక్రాలూ కొత్తవి వేయించటం ఒక దారి. కోయంబత్తూరులో చేసేవాళ్ళున్నారుగానీ వాళ్ళు చాలా ఆలస్యం చేస్తారు. చిన్న డీజిల్ కారుది తెచ్చి బిగించటం ఇంకో దారి. కానీ డీజిల్ పొగకంటే పెట్రోలు పొగ వేడి బాగా ఎక్కువ. అంత వేడికి అది ఎన్నాళ్ళు ఆగుతుందో నాకు నమ్మకం కుదరలేదు. నేను కాలేజీ ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చుకుని పాత చక్రాల కొలతలు తీసుకుంటూ కోయంబత్తూరు వైపే మొగ్గాను.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు దిగాడు. పొదిలి దగ్గర మిరప వేస్తాడు. ఏ వస్తువైనా పెద్దదైతే మంచిదని వాడి సిద్ధాంతం. టీవీ అయినా, పెళ్ళి పందిరి అయినా అంతే. వాడి స్నేహితుడి బోరు లారీ ఒకటి మూలనపడి ఉంది. దాని టర్బోను గోనెసంచిలో వేసుకొచ్చి నా ముందు దబ్బున పడేశాడు.

"చూడక్కా! పనసకాయంత ఉంది. ఇది పెడితే ఒంగోలులో గేరేస్తే కనిగిరిలో ఆగుద్ది."

"ఒరేయ్, ఇంత పెద్ద చక్రం తిరగాలంటే బోలెడు పొగ కావాలి. మన చిన్న ఇంజన్ అంత పొగ ఎప్పటికి ఇవ్వాలి? అప్పటిదాకా బండి నిద్రపోతుంది."

"నిద్ర లేచాక చూడు మరి!"

మేస్త్రీ కూడా వాడి పక్షమే. ఇంజన్‌కీ దానికీ మధ్య పెట్టటానికి లేతులో ఒక పలక చేయిస్తే సరిగ్గా కూర్చుంటుందన్నాడు. ఎదురుగా ఇద్దరు మగాళ్ళు, ఇద్దరివీ పెద్ద గొంతులు. ఇవన్నీ నేను పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పే సంగతులే. అయినా నాలో ఎక్కడో ఒక పోకిరీ ఉంది. అది సరేనంది.

బిగించాక మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ ఊరు బయలుదేరాను. పొదిలి దాటేవరకు ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఊరి దారిలోకి తిరిగాం. మిరపకోతల కాలం. దారికి రెండు పక్కలా పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ వేళ కావటాన కళ్ళాల దగ్గర మనుషుల్లేరు.

"తొక్కక్కా!"

తొక్కాను. ఏమీ లేదు.

"ఇంకా తొక్కు!"

ఇంకా తొక్కాను. ముందెక్కడో సన్నగా ఈల వినిపించింది. ఆ ఈల కేకయింది. ఆ పైన కారుకు ఒక్కసారిగా తను బోరు లారీనన్న సంగతి గుర్తొచ్చింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. ఎదురుగా మలుపు. బ్రేకు తొక్కితే వెనక చక్రాలు పక్కకు జారాయి. ఎండు మిరపకాయల మీద కారు మంచు మీద జారినట్టు జారి, పక్కనే పోసిన మిరప కుప్పలో ముక్కు దూర్చి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. "ప్రభువా, స్తోత్రం" అనబోయాను. ఈలోగా వేడి ఇంజన్ కింద మిరపకాయలు మాడటం మొదలైంది. ఆ ఘాటుకు స్తోత్రం మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరం చెరో తలుపులోంచీ పాక్కుంటూ బయటపడ్డాం. నా మోకాళ్ళు అంత తేలిగ్గా వంగటం చాలా ఏళ్ళ తర్వాత అదే.

కళ్ళం గల పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది.

"ఏరా, కళ్ళు నెత్తికెక్కినయ్యా? ఏందిది? యాడ్నించి తెచ్చారీ దెయ్యాన్ని?"

"అక్కది, పెద్దమ్మా!" అన్నాడు మా తమ్ముడు, క్షణం ఆలోచించకుండా.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పంతులమ్మవి కదంటే! పిల్లలకు ఇదేనా నేర్పేది?" అని, నష్టం ఇచ్చుకుంటానని నేనన్నా వినలేదు. "కూర్చోండి. చితికినయ్యీ, తెల్లబడ్డ తాలుకాయలూ ఏరి పక్కన పొయ్యండి" అంది.

పొద్దు వాలేదాకా ఏరాం. తుమ్ముతూ, ముక్కులు చీదుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఏరాం. ఆవిడ మంచం మీద కూర్చుని మా పని తనిఖీ చేస్తూ, "అదిగో, ఆ తాలుకాయ వదిలేశావ్ పంతులమ్మా" అని నా తరగతిలో నేను అనే గొంతుతోనే అంటుంటే నాకు నవ్వాగలేదు. చివరికి ఆవిడే మజ్జిగ ఇచ్చింది.

మర్నాడే పనసకాయను ఊడదీయించాను. "అలవాటు కావాలి మేడమ్, తొందరపడ్డారు" అని మేస్త్రీ ఇప్పటికీ వాదిస్తాడు. పాత టర్బో కోయంబత్తూరు వెళ్ళి, ఎదురుచూపులకు నేను విసిగిపోయాక, లోపల కొత్త చక్రాలతో తిరిగొచ్చింది. అరచేతిలో పట్టేంత చిన్న చక్రం. మన రోడ్లకు అదే సరి. గేదెకీ గేదెకీ మధ్య, స్పీడ్ బ్రేకరుకీ స్పీడ్ బ్రేకరుకీ మధ్య దొరికే కాస్త ఖాళీలోనే వేగం అందుకోవాలి మరి. పెద్ద చక్రం మేలుకునేలోపు ఆ ఖాళీ అయిపోతుంది.

కనిగిరిలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సొచ్చింది. బస్సు తప్పిపోయి, గత్యంతరం లేక మా ఆయన మొదటిసారి ఆ కారెక్కారు. ఒళ్ళో బైబిలు, రెండు చేతులూ దాని మీద. దారిలో ఒక పత్తి లారీ రోడ్డంతా తనదే అన్నట్టు ఉబ్బి పోతోంది. ఎదర ఖాళీ చూసుకుని తొక్కాను. కారు వెంటనే అందుకుంది. లారీ పక్కనుంచి సుతారంగా దాటి ముందుకొచ్చాం. పత్తి పింజలు రెండు మూడు అద్దానికి అంటుకుని ఎగిరిపోయాయి.

మా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి ఒక కన్ను తెరిచి రోడ్డు చూశారు. రెండోది కూడా తెరిచారు.

"ముందు ఇంకో లారీ ఉంది" అన్నారు, మెల్లిగా.