తువ్వాలు కింద గ్రాఫిక్స్ కార్డు

వాన కోసం కంప్యూటర్ కొనుక్కున్న మనిషిని పత్తికొండ చుట్టుపక్కల బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను ఆడే ఆటలో ఒక పెద్ద లోకం ఉంటుంది. అందులో అందరూ కత్తులు దూసి పోట్లాడుకుంటుంటే, నేను గుర్రం దిగి పాడుబడ్డ ఇళ్ళల్లో దొరికే పాత ఉత్తరాలు చదువుకుంటూ, మూలికలు కోసుకుంటూ తిరుగుతాను. పాత లాప్‌టాప్‌లో సెట్టింగులన్నీ అట్టడుగుకు దించితే తప్ప ఆట కదిలేది కాదు. గడ్డి ఆకుపచ్చ రంగు కొట్టిన నాపరాయిలా ఉండేది. వాన వస్తే తెర మీద గీతలు పడేవి, అవి కూడా ఆగి ఆగి. బయట మా ఊళ్ళో ఎటూ సరిగ్గా పడదు, లోపలైనా పడాలని నా కోరిక. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి.

ఏ కార్డు కావాలో నాకు బాగా తెలుసు. నెలల తరబడి వీడియోలు చూశాను. దానికి సరిపడే ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై అన్నీ తేల్చుకున్నాను. అంగట్లో మాట్లాడాల్సిన మాటలు కూడా డైరీలో రాసుకున్నాను. నా మాటలూ నేనే రాశాను, అంగడి అతని మాటలూ నేనే రాశాను. అందులో అతను చాలా ఓపికస్తుడు, నేను చాలా ధైర్యవంతురాలిని.

అసలు చిక్కు నా మెడతో. కొత్త మనిషి ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే నా మెడ నన్ను అడక్కుండానే ఊగుతుంది. దర్జీ "చేతులు ఇంత పొడుగుంటే బాగుంటుంది కదమ్మా" అంటే ఊగుతుంది. పెళ్ళి భోజనాల్లో "ఇంకో ఓళిగ వెయ్యల్నా" అంటే ఊగుతుంది. అట్లా ఊపి ఊపి నాకు నచ్చని రంగు డ్రెస్సులు అర బీరువా సంపాదించాను. ఈసారి అంగట్లో తల ఊపి వానను పోగొట్టుకుంటానేమోనన్నదే నా భయం.

కొనేది నా జీతంతోనే అయినా, అంత పెద్ద వస్తువుకు ఒక్కదాన్నే పోవడం నాన్నకు ఇష్టం లేదు. "పెదనాయనను తీసుకపో. బ్యారం తెలిసినోడు" అన్నాడు.

పెదనాన్న ఎద్దుల దలారి. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చే పని. అక్కడ ధర పైకి చెప్పరు. దలారి తన తువ్వాలు కింద ఒకరి చెయ్యి పట్టుకుని, వేళ్ళు నొక్కి ధర చెబుతాడు. అవతలి మనిషి కూడా వేళ్ళతోనే జవాబిస్తాడు. చుట్టూ వందమంది ఉన్నా ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ట్రాక్టర్ కొన్నా, అక్క పెళ్ళికి మంచం కొన్నా ముందు పెదనాన్న తువ్వాలు కదలాల్సిందే.

కర్నూలులో బస్టాండు దగ్గర మెట్లెక్కి అంగట్లోకి వెళ్ళాం. గల్లా వెనక నా ఈడు కుర్రాడు.

"గేమింగ్ పీసీనా మేడమ్? తమ్ముడికా?"

నా మెడ ఊగింది.

"ఏం చదువుతాండాడు? ఇంటరా?"

మళ్ళీ ఊగింది.

"ఇంటర్ పిల్లోనికి ఈ చిన్న కార్డు చాలు మేడమ్. మిగిలే డబ్బులకు ఈ గాజు కేబినెట్ తీసుకోండి. లైట్లు చూడండి, ఫ్రెండ్సొస్తే నోరు తెరుస్తారు."

కేబినెట్ లోపల లైట్లు వినాయక చవితి పందిరిలాగా తిరుగుతున్నాయి. నాకు రవ్వంతైనా నచ్చలేదు. తల ఊపాను.

పెదనాన్న అంతవరకూ ఫ్యాన్ కింద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. "పాపా, ఎవురా తమ్ముడు? నాకు తెలీకుండా మీ నాయన యాడ దాచిపెట్నాడు?"

అంగడి అతను నన్ను చూశాడు. నేను కీబోర్డులను చూశాను. నాకున్నది ఒక్క అక్క, పెళ్ళయి రాజంపేటలో ఉంది.

"ఏమప్పా, ఆడేది ఈ పాపే. దుడ్లూ ఈమెవే" అన్నాడు పెదనాన్న.

"అయ్యో, చెప్పల్ల కదా మేడమ్."

దానికీ తల ఊపాను.

"నోరు తెరిచి చెప్పు పాపా, ఏది కావల్ల?"

డైరీలో రాసుకున్నది "నమస్కారం"తో మొదలవుతుంది. "నమ..." అని వచ్చి ఆగిపోయింది.

పెదనాన్న భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. బీడీ వాసన, ఊక వాసన. "చిన్న కార్డు, గాజు పెట్టె అయితే ఒక వేలు. పెద్ద కార్డు అయితే రెండు. వద్దంటే పిడికిలి."

నా మెడకున్న జబ్బు చేతికి లేదని ఆరోజే తెలిసింది. రెండు వేళ్ళు పెట్టి గట్టిగా నొక్కాను. "సంపుతావా ఏంది" అని పెదనాన్న తువ్వాలుతో సహా అంగడి అతని దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది పెద్దాయనా, స్కాన్ చేస్తారనుకుంటే చెయ్యి పట్టుకుంటాండారు? ధర ఈడ కాగితంలో ఉండాది కదా!"

"నీ మనసులో ఎంతుందో కాగితానికేం తెలుసప్పా? వేళ్ళుండాయి కదా, గమ్మునుండు."

అతను నవ్వుతూనే చెయ్యి ఇచ్చాడు. తువ్వాలు కాసేపు కదిలింది, అతను పెదనాన్న చెవిలో కూడా ఏదో చెప్పాడు. పెదనాన్న తిరిగొచ్చి తువ్వాలు కింద నా చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దదిస్తాడంట. ర్యామేదో సగం తగ్గిస్తాడంట. ఏమంటావు?"

"సగం చాలు మేడమ్, కావల్లంటే తర్వాత వేసుకోవచ్చు. సరేనా?" అని అతను అక్కడి నుంచే చిరునవ్వు నవ్వాడు.

నా మెడ పైన ఊగింది. తువ్వాలు కింద నా చెయ్యి పిడికిలి బిగించింది.

పెదనాన్న మెడను చూశాడు, పిడికిలిని తడిమాడు. "మెడను చూడాకప్పా. ఆ మెడ సంగతి మాకందరికీ తెలుసు. పాప ఒప్పుకోలా."

నేను ఒప్పుకోలేదని ఒక మనిషి నలుగురిలో చెప్పడం అదే మొదలు. చెవులు వేడెక్కాయి. పిడికిలి మాత్రం విప్పలేదు. నా జీవితంలో నేను చేసిన వీరోచిత కార్యం అది. తువ్వాలు కప్పి ఉండటంతో చూసినవాళ్ళు లేరు.

చివరికి పెద్ద కార్డు, పూర్తి ర్యామ్ వచ్చాయి. గాజు పోయింది, లైట్లు పోయాయి, మా వంటింట్లో బియ్యం డబ్బాకు తమ్ముడిలాంటి నల్లటి ఇనప పెట్టె వచ్చింది. ఆ విధంగా ఒక తమ్ముడైతే నిజంగానే దొరికాడు.

"ఆగప్పా, పండ్లు చూడకుండా ఎట్ల తోలుకపోయేది?" అని పెదనాన్న, ఎద్దు వయసు తేల్చడానికి నోరు తెరిపించినట్టు, కార్డును తిప్పించాడు. అంచున బంగారు రంగు పళ్ళ వరస మెరిసింది. "బాగుండాయి. లేతది" అన్నాడు. అంగడి అతను పగలబడి నవ్వాడు. పెదనాన్న నవ్వలేదు.

అన్నీ బిగించి, పెట్టెలో సర్ది ఇచ్చాక అతను అడిగాడు, "ఇంకేమన్నా కావల్నా మేడమ్?"

అతని వెనక మౌస్ కింద వేసుకునే పచ్చటి చాప వేలాడుతోంది. లోపలికి వచ్చినప్పటి నుంచీ దాన్నే చూస్తున్నాను. కానీ తువ్వాలు అప్పటికే పెదనాన్న భుజం మీదికి చేరింది, పెదనాన్న మెట్ల దాకా చేరాడు. ఏమీ వద్దన్నట్టు నా తల ఈసారి మాత్రం అడ్డంగా ఊగింది.

ఇప్పుడు నా గదిలో వాన బ్రహ్మాండంగా పడుతోంది. ప్రతి గడ్డిపోచా విడివిడిగా తడుస్తోంది. మౌస్ మాత్రం పోయినేటి క్యాలెండర్ అట్ట మీద నడుస్తోంది.