ఎనక తలుపు

తల్లాడ ఊర్ల మెయిన్ రోడ్డు మీద షట్టర్ కిరాయికి తీసుకొని, సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టి ఇంకా నెల కాలేదు. ఇయ్యాల పొద్దుగాల ఓనర్ బాబాయ్ వచ్చిండు.

"బిడ్డా, ఆ బోర్డు తీసి ఎనక గల్లీల పెట్టుకో. నీ తానికి వచ్చేటోళ్లను నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

"పక్క షట్టర్ల పండ్ల డాక్టర్‌కు గిట్లనే చెప్పినవా బాబాయ్?"

"పండ్లు వేరు, పిచ్చి వేరు."

"నిద్ర పట్టకుంటే పిచ్చా? ఊకె బుగులై భయమేస్తే పిచ్చా?" అన్న. బోర్డు దిక్కు ఇంకోసారి చూసుకుంట పోయిండు.

మధ్యాహ్నం ఒక అక్క వచ్చింది. మిర్చి ఏరేటోళ్ల లెక్క కండ్లు తప్ప మొఖమంత గుడ్డ చుట్టుకుంది. ఎవరూ గుర్తుపట్టొద్దనట. మిర్చి ఏరుడు అయిపోయి నెలలైంది, బయట ముసురు పడుతుంది. ఆ గుడ్డను చూసే రోడ్డుమీదున్నోళ్లంత ఆమె దిక్కు తిరిగిండ్రు.

గుడ్డ భుజం మీదికి దించి గంటసేపు మాట్లాడినంక లేసి, "ఎనక తలుపు ఉందా మేడం?" అని మెల్లగ అడిగింది.

"లేదక్కా. ముందల నుంచే పోదాం, నేనొస్త" అని బస్సు దాక తోడు పోయిన. గుడ్డ ఆమె భుజం మీదనే ఉంది.

నిజానికి ఎనక తలుపు ఉంది. పొద్దున బాబాయ్ పోంగనే దానికి బీరువా అడ్డం పెట్టిన. తప్పయితే మీరే చెప్పుండ్రి, వింట. బీరువా మాత్రం జరపను.