ఉప్పుకాలువ మీద నా పంపు

సముద్రాన్ని కూతవేటు దూరంలో పెట్టుకొని, చారెడు నీళ్లకు మొహం వాచిన ఇంజనీరును మీరెప్పుడైనా చూశారా? ఇదుగో, నేనే. ఆ ఘోరం చెబుతాను, నవ్వుకోండి.

అరవైల మొదట్లో మైపాడు దగ్గర, ఉప్పుకాలువ గట్టున కిరోసిన్, డీజిల్ డిపో కడుతున్నారు. నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాటంతా గీసే పని నాది. కాలువ నీళ్లు పంపుతో తోడి, నురుగుమందు కలిపి, మంట మీద దుప్పటిలా కప్పాలి. ఇరవై నాలుగేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, పాత పొగరు. సముద్రం పోటు మీదున్నప్పుడే అక్కడికి పడవ నడుస్తుంది కాబట్టి నేను వెళ్లిన రెండుసార్లూ కాలువ నిండుగానే ఉంది. నీటిమట్టానికి రెండడుగుల కింద గొట్టం మూతి పెట్టించాను.

అక్కడ రొయ్యలు పట్టుకునే చెంచమ్మక్క చూసింది.

"అబ్బయ్యా, గొట్టం ఇంకా కిందికి దించు. ఇవి పోటు నీళ్లు. పాటొస్తే సముద్రం లాగేసుకుంటాది."

"లెక్కలేసే పెట్టినానక్కా!"

"లెక్క నీది. కాలవ నీది కాదు గదా!"

నేను విననే లేదు.

పరీక్ష రోజు తనిఖీ అధికారి వచ్చారు. ఆయన సంతకం పెడితేనే డిపో తెరుస్తారు, నా ఉద్యోగం నిలుస్తుంది. రేకు తొట్టిలో డీజిల్ పోసి అంటించాం. "నీళ్లు వదలండి!" అని సేనాపతిలా అరిచాను. పంపు దగ్గింది. గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత గరిటెడు బురద, ఆపైన ఒక రొయ్య. అంతే!

"ఏవయ్యా నీళ్లు?"

"వస్తున్నాయి సార్."

"ఎక్కణ్ణుంచి?"

కాలువకేసి చూశాను. నీళ్లు ఎప్పుడో దిగిపోయాయి. నా గొట్టం గాల్లో కొంగలా నోరు తెరుచుకుని ఉంది. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వకూడదంటారు. నేను ముందే తవ్వాను, నీళ్లే నాకన్నా ముందు వెళ్లిపోయాయి!

ఇంతలో గాలి తిరిగి, మంట పక్కనున్న తాటాకుల పాక వైపు వాలింది.

"చూస్తా నిలబడతారేందయ్యా? తడి ఇసక పోయండి!" చెంచమ్మక్క అప్పటికే తట్ట నింపేసింది. అందరం పోశాం, అధికారితో సహా. మంట ఆరింది.

"ఈ డిపోకు మంటలార్పే ఏర్పాటు ఎవరిది?" మీసంలో ఇసుక దులుపుకుంటూ అడిగారాయన.

"నాదే సార్."

"కాదు, ఆవిడది."

భూమిలోకి కుంగిపోయాను. కానీ పారిపోలేదు. నెల గడువడిగి, అమావాస్య నుంచి పౌర్ణమి దాకా మోకాలిలోతు బురదలో నిలబడి, నీళ్లు ఎంత దిగితే అంతా గుర్తుపెట్టాను. ఎక్కడ కర్ర పాతాలో చెంచమ్మక్కే చూపించింది. లోతుగా గుంట తవ్వించి, గొట్టం అందులోకి దించి, పోటు నీళ్లు వెనక్కిపోకుండా తలుపు పెట్టించాను. రెండో పరీక్ష పట్టుబట్టి పాటు వేళకే పెట్టించాను. నురుగు పొంగి మంటను మింగేసింది!

అధికారి సంతకం పెట్టి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు.

"బాగుండాది సామీ. అబ్బయ్య మంచోడే. నోటితో చెప్తే ఇనడు, బురదలో దించితే ఇంటాడు."

అక్కడికక్కడే ఒట్టేసుకున్నాను. ఏ ఊళ్లోనైనా సరే, నీళ్లు ఎప్పుడు వెళ్లిపోతాయో ఆ ఊరివాళ్లను అడగందే పెన్సిలు పట్టను. సముద్రుడే సాక్షి. ఆయన రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గుతాడు. నేను మాత్రం తగ్గను.