రెండు వరసల మామ

డిగ్రీలో కంప్యూటర్లు చదివినవాడికి అప్పట్లో రెండు దారులుండేవి. ఒకటి హైదరాబాద్ బస్సెక్కడం, రెండోది ఖమ్మంలోనే ఏదో ఒక ప్రెస్సులో పెళ్లికార్డులు కొట్టడం. హైదరాబాద్ బస్సులో నాకు సీటు దొరకలేదు.

మా ప్రెస్సు ఓనరు ఒకరోజు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. చుట్టాల పేర్లు ఇక కార్డుల మీద చేత్తో రాయనక్కర్లేదు. ఒక్కో చుట్టానికి ఒక్కో లైను చొప్పున పేరు, వరస, ఊరు, మధ్యలో కామాలు పెట్టి టైపు చేసిస్తే చాలు. ప్రతి కార్డు మీదా ఒక్కో చుట్టాన్ని అదే ముద్రించుకుంటూ పోతుంది. తప్పులు రావని దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నిజంగానే ఒక్క తప్పూ రాలేదు.

మొదటి గిరాకీ ఒక టీచరమ్మ. భద్రాచలం దారిలో అడవి అంచు ఊరు వాళ్లది. పెళ్లి ఆమెదే. చుట్టాలందరినీ బడి కంప్యూటర్‌లో తనే టైపు చేసుకొచ్చింది. బోనకల్ వైపు పంచాల్సిన కార్డులు పొద్దున్నే వాళ్ల నాన్న తీసుకుని రైలెక్కాడు. వాటిని చూశాకే ఇచ్చానని ఓనరు చెప్పాడు. ఆయన చూసేది రంగు. మిగతావి సరిచూసుకోవడానికి ఆమె వచ్చింది. తన పెళ్లికార్డులు తనే దిద్దుకునే పెళ్లికూతుర్ని నేను చూడటం అదే మొదటిసారి. చేతిలో ఎర్రపెన్ను కూడా ఉంది.

కూర్చుంటూనే ఒక సంగతి చెప్పింది. బోనకల్‌లో ఉండే ఆమె మేనమామ, ఆమె సొంత పెద్దక్కనే చేసుకున్నాడు. అంటే మామా ఆయనే, బావా ఆయనే. ఆమె అన్న పెళ్లి కార్డు మీద ఆయన్ని ఉత్త బావను చేశారట. పెళ్లికి వచ్చాడు, తిన్నాడు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సిన మేనమామ కూడా ఆయనే.

"ఈసారి అలిగితే నేను నడుచుకుంటనే పోవాలె అన్నా" అంది. నవ్వుతూనే అంది గానీ, నవ్వు కళ్లదాకా పోలేదు.

నాలుగైదు కార్డులు బాగానే ఉన్నాయి. తర్వాతిది నేలకొండపల్లి పెద్దమనిషిది. పేరు సరిగానే ఉంది. వరస, తాత. ఊరు, బావ.

"బావ అనే ఊరు ఏడుందన్నా?"

నేలకొండపల్లి దగ్గర్లోనే ఉండొచ్చన్నాను. ఎర్రపెన్ను మూత తీసింది.

కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. మా వృత్తిలో అది మొదటి మందు, చాలాసార్లు చివరిది కూడా. ఊరు మారలేదు. ఫాంటు మార్చాను. ఈసారి ఊరు ఏ భాషకూ చెందనిది అయింది. బావే నయమనిపించి పాత ఫాంటే పెట్టాను. సాఫ్ట్‌వేర్ అమ్మినాయనకు హైదరాబాద్ ఫోన్ చేస్తే, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశారా అని అడిగాడు. చేశానన్నాను. ఇంకోసారి చేయమన్నాడు. ఓనరు వచ్చి స్క్రీన్ వైపు కాసేపు చూసి, రంగు మాత్రం బాగుందన్నాడు.

ఇక తప్పు పడ్డ కార్డులన్నీ బల్ల మీద పరిచాను. ఊళ్లు వేరు, ఇంటిపేర్లు వేరు. ఒకదాన్ని ఒకటి పోలిన ముక్కే కనపడలేదు. తోచక, ఒక్కొక్కరూ ఏమవుతారో చెప్పమన్నాను.

"ఈయన తాత. బావ గూడ."

"ఈమె?"

"పిన్ని. వదిన గూడ."

"ఒక్కటి రాస్తే సరిపోదా మేడమ్?"

"అమ్మ దిక్కు ఒక వరస, నాయిన దిక్కు ఒక వరస. ఒక్కటి రాస్తే రెండో దిక్కోళ్లు ఊకుంటరా?"

అప్పుడు ఆమె టైపు చేసిన ఫైలు తెరిచాను. తాత, కామా, బావ. కామా కనపడితే వరస అయిపోయినట్టే, తర్వాత వచ్చేది ఊరే అని సాఫ్ట్‌వేర్ లెక్క. మేనరికాల సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. మధ్యలో 'మరియు' పెడదామంటే, పెళ్లికార్డా, పంచాయతీ నోటీసా అంది. కామా బదులు చిన్న గీత దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

రాజీపడ్డాక గానీ ఆమెకు గుర్తు రాలేదు. స్క్రీన్ మీద పైకి జరుపుకుంటూ పోయి మేనమామ పేరు దగ్గర ఆగింది. మామ, కామా, బావ. ఆ కార్డు పొద్దుటి రైల్లోనే వెళ్లిపోయింది.

వాళ్ల నాన్న సెల్‌కు కొట్టింది. ఆయన అప్పటికే ఆ ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నాడట. కార్డు ఇచ్చేశాడట. మామ చదివి లోపలికి పోయాడట. ఇంకా బయటికి రాలేదట. ఆమె ముఖం చూసి ఓనరు కూడా కాగితాలు సర్దడం ఆపేశాడు.

అంతలో మామే ఫోన్ అందుకున్నాడు. ఆయన ఫోన్‌ను నమ్మే మనిషి కాదు. బోనకల్ నుంచి నేరుగా వినపడాలన్నట్టు మాట్లాడాడు కాబట్టి మాకూ వినపడింది.

"ఏందే పిల్లా, మా ఊరు మార్చినవ్?"

తప్పు పడిందని, సరైన కార్డు రేపే పంపుతానని ఆమె గబగబా చెప్పుకొచ్చింది.

"వద్దు. అద్దం వెనక దాచిపెడదామని లోపటికి పోయిన. మీ అన్న మామ అని గూడ రాయలే. నువ్వు మామ అని రాసి, బావ పేరు మీద ఊరే రాసిచ్చినవ్. ఈ కార్డు ఎవ్వలకియ్య."

ఆమె చిన్నగా గంప సంగతి అడిగింది.

"నేను గాక ఎవడు మోస్తడే? పెండ్లి దాక జర తక్కువ తిను."

ఫోన్ పెట్టేసి చున్నీతో కళ్లు తుడుచుకుంది, మళ్లీ ఎర్రపెన్ను తీసింది. తప్పు పడ్డ మిగతా కార్డులు అలాగే ఉంచుదామా అని ఓనరు ఆశగా అడిగాడు. కాగితం ఖర్చు ఆయనది.

"వద్దు సార్, వాళ్ల ఊర్లు వాళ్లకే వెయ్యిండ్రి. అందరికీ ఇయ్యనీకి మా దగ్గర అన్ని ఊర్లు లెవ్వు."