రెప్ప వేయని చేప

మొన్న పలాసలో జీడిపప్పు కొనడానికి వెళితే, కొట్టు వెనకాల గింజలు కొట్టే మిషను ఒకటి కొత్తగా దిగి చెక్కపెట్టెలో ఉంది, పెట్టె నిండా చీనా అక్షరాలే. అందరూ మిషను చూస్తుంటే నేను కళ్ళజోడు సర్దుకుని ఆ అక్షరాల్లో చేప ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. టెక్కలి బస్సెక్కాక దారి పొడుగునా మా చిన్నాన్నే గుర్తొచ్చాడు.

మా పిన్ని భర్త ఆయన. ఉద్దానం తీరంలో చాలామందిలాగే సరుకు ఓడల్లో పనికి వెళ్ళేవాడు. ఓడ వంటగదిలో పని, తోడు ఒక చీనా వంటవాడు. పిన్ని ఎండుచేపలు అమ్మేది, అక్షరం ముక్క రాదు, కాబట్టి ఆవిడకొచ్చిన ఉత్తరాలు చదవడం, జవాబులు రాయడం ఎనిమిదో తరగతి చదివే నా పని. ప్రతి ఉత్తరం చివరా చిన్నాన్న పిన్ని కోసమని ఆ వంటవాడి దగ్గర నేర్చుకున్న చీనా అక్షరం ఒకటి దించి పంపేవాడు. అన్నిటికీ ఎడమ పక్క నిలబెట్టిన చేపే, పైన తల, మధ్యన పొలుసుల గడి, తోకకు నాలుగు చుక్కలు. కుడి పక్క మాత్రం ఒక్కోదానికి ఒక్కో గుర్తు. చేప పక్కన కాలం అనే గుర్తుంటే ఏటా వేళ తప్పకుండా ఏరెక్కే చేప, మన పులసకు చుట్టమట. వసంతం ఉంటే కోనాం. ఒకదాని మీద ఒకటి రెండు సూర్యుళ్ళుంటే చందువా. మొదటి రెండూ పిన్ని బొగ్గుముక్కతో వంటింటి గోడ మీద దించింది. చేప బాగానే వచ్చేది గాని పక్క గుర్తు దగ్గర చెయ్యి తిరగక నవ్వేసేది.

చందువా ఉన్న ఉత్తరం వచ్చేసరికి ఆవిడ పోయి మూడు రోజులు. మా వైపు ఎందరికో వచ్చినట్టే ఒళ్ళు వాచింది, మూత్రపిండాల జబ్బని తెలిసేసరికే ఆలస్యమైపోయింది.

ఓడ మీదున్న మనిషికి చావు కబురు పంపకూడదని మా వాళ్ళ పట్టుదల. చుట్టూ నీళ్ళే ఉన్నచోట ఆ కబురు విన్నవాడు ఏమైపోతాడోనని భయం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాకే చెప్పాలి. కూతురు పోయిన దుఃఖంలోనే అమ్మమ్మ నన్ను పిలిచి కాగితం చేతికిచ్చింది.

“బాగున్నాదని రాయే అమ్మీ. ఆడు ఒడ్డుకి సేరిందాకా అది బతికే ఉన్నాది.”

ఏడు నెలలు రాశాను. నీరసం తగ్గిందని రాశాను, చందువా ముచ్చటగా ఉందని పిన్ని అన్నదని రాశాను. నా మీద నాకే అసహ్యం వేసేది. కానీ దాపరికం ఎందుకు, రాస్తున్నంతసేపూ ఆవిడ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉండేది, అది నాకు ఇష్టంగానూ ఉండేది.

చిన్నాన్న వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, విన్నాడు. ఏడవలేదు. రెండు రోజులు ఆ బొగ్గు చేపల ముందే కూర్చుని, మూడో రోజు నన్ను పిలిచాడు.

“ఆ సందువా ఒక్కటైనా సూసినాదా అమ్మా?”

చూసిందన్నాను.

ఆయన తలూపి, నా పెన్సిలు తీసుకుని పిన్ని చేపల పక్కనే ఇంకో చేప దించి, దాని పక్కన ఒక కన్ను, కంటి కింద కారే నీళ్ళు గీశాడు. రెప్ప వేయని పెద్ద చేపట అది. పెళ్ళాం పోయినవాణ్ణీ చీనావాళ్ళు ఆ అక్షరంతోనే రాస్తారట, వాడికీ కంటికి కునుకుండదని. వంటవాడు తన సంగతి చెప్పుకుంటూ ఎప్పుడో రాసి చూపించాడట. అపశకునమని మాకు పంపలేదట. ఆ తర్వాత చిన్నాన్న మళ్ళీ ఓడెక్కలేదు.

ఇప్పుడు మా తీరం పిల్లలు ఓడ మీంచే వీడియోలో మాట్లాడుతున్నారు, శవం లేవకముందే కబురు అందుతోంది, ఎవరూ ఎవరికీ అబద్ధం రాయనక్కర్లేదు. మంచిదే. ఆ గోడ కూల్చి చాలా ఏళ్ళయింది. చందువా సంగతి నిజం చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నా నోరు రాలేదు, నా మాట నమ్ముకునే చిన్నాన్న పోయాడు.

మూడేళ్ళ క్రితం మా వారు పోయిన దగ్గర్నుంచీ ఆడవాళ్ళకు కూడా ఆ అక్షరం రాస్తారా అని ఒక సందేహం నన్ను పట్టుకుంది. ఫోనునడిగితే చెబుతుందంటుంది మనవరాలు. చిన్నాన్న చెప్పవలసిన మాట అది, ఇంకెవరినీ అడగబుద్ధి కాలేదు.