ఎండు మునగ గింజలు

అమెరికాలోని చాండ్లర్‌లో తెలుగువాళ్లకి జ్ఞానప్రసూన అంటే మునగచెట్టే. ఆవిడ పెరట్లో చెట్టు కాపుకొచ్చిందంటే శనివారానికల్లా సంచులతో దిగిపోతారు. లేతకాయలు సాంబారుకి పంచిపెట్టడమే తప్ప దానికి ఇంకో ఉపయోగం ఉందని ఆవిడకీ తోచలేదు. కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో నీళ్లు పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. పన్నెండేళ్లుగా అదే పని.

పక్కింటి ఆమ్నాది సూడాన్. యుద్ధంలో పంపుహౌస్ ఆగిపోయాక అక్కడున్న ఆమె చెల్లెలు హిబా నైలు నదిలో బురదనీళ్లు ముంచుకొస్తోంది. హిబా అయిదేళ్ల కూతురికి విరేచనాలు తగ్గడం లేదు.

"మా అమ్మమ్మ ఈ మునగ గింజలే నూరి, బురద అడుక్కి దిగడానికి నీళ్లకుండలో కలిపేది. హిబా వాకిట్లోనూ ఈ చెట్టుంది. కొలతే తెలీదు మాకు," అంది ఆమ్నా ఇంగ్లీషులో, గోడ అవతల నుంచి.

ఆ శనివారమే ప్రసూన బకెట్ నీళ్లలో పెరటిమట్టి కలిపింది. సాంబారుకని కోసిన కాయలు చీల్చి, గింజలు నూరి వేసింది. గంటైనా నీళ్లు టీ రంగులోనే ఉన్నాయి. లేతగింజలకి ఆ శక్తి ఇంకా రాదని అప్పుడు తట్టింది. చిటారుకొమ్మన ఎవరికీ అందక ఎండిపోయిన కాయలు నాలుగున్నాయి. ఆవిడ నిచ్చెన ఎక్కుతుండగా నాలుగిళ్ల అవతలి రాగిణి సంచితో వచ్చింది.

"అక్కా, ఆ ఎండుకాయలు సాంబార్‌లో వేస్తే బావగారి పళ్లు ఊడతాయ్!"

"వాగింది చాలు, నిచ్చెన పట్టుకో. నేను పడ్డానంటే నెల్లాళ్లు మా వంట నీదే."

లీటరుకి ఒకటి, రెండు, మూడు గింజల చొప్పున మూడు సీసాల్లో వేసి చూసింది. రెండేసి గింజలు వేసిన సీసాలో నీళ్లు తేటపడ్డాయి.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆమ్నా వంటింట్లో వీడియో కాల్. అక్కడ సాయంత్రం నాలుగు. ప్రసూన చెబుతుంటే ఆమ్నా అరబిక్‌లో అందించింది. హిబా గింజలు దంచింది, కలిపింది, గంట ఆగి పైతేట గుడ్డతో వడకట్టింది. గ్లాసు నింపి కూతురి నోటికి అందించబోయింది.

"ఆపమను!" ప్రసూన అరిచింది. "పోయింది బురదే. రోగం తెచ్చే క్రిములు అందులోనే ఉన్నాయి."

"పిల్ల చెయ్యి చాపి ఏడుస్తోంది, ఎలా ఆపను అంటోంది హిబా," అంది ఆమ్నా.

పిల్ల పెదాలు ఎండి పగిలున్నాయి. అయినా ప్రసూన మెత్తబడలేదు.

"ఉన్న కాసిని బొగ్గులతో ఈ పూటకి ఒక్క గిన్నె మరిగించమను. రేపు పొద్దున్నే ఇలాగే తేర్చి, ప్లాస్టిక్ సీసాల్లో పోసి డాబా మీద ఎండలో పెట్టాలి, సాయంత్రందాకా. ఆ ఎండకే క్రిములు చస్తాయి, బురద ఉంటే ఎండ లోపలికి దిగదు. అందుకే ఇంత తంటా."

మర్నాడు అదే వేళకి ఫోన్. డాబా మీద నాలుగు సీసాలు. పిల్ల గటగటా తాగి మొహం చిట్లించింది. ఏదో అంది.

"వేడిగా ఉన్నాయట! ఐస్ కావాలట మహారాణికి," ఆమ్నా నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"సరేలే. ఇంకో గ్లాసు అడుగుతోందా లేదా, అది చెప్పు ముందు."

"అడుగుతోంది."